అడ్వాన్సులో పట్టుకో

గార్లదిన్నె మెయిన్ రోడ్డు మీద బయ్యన్న కట్టించిన అంగళ్లు రెండు. ఒకదాంట్లో కృపాకుమారి మిషను పెట్టుకోని జాకెట్లు కుడతాది. మొగుడు పోయినాక చెవుల కమ్మలతో సహా ఉన్నదంతా అమ్మి, లక్ష రూపాయలు అడ్వాన్సు కట్టి ఆ అంగడి పట్టింది. ఖాళీ చేసే రోజు ఆ దుడ్లు తిరిగిస్తానని బయ్యన్న మాటిచ్చినాడు. కాగితం రాసుకుందామంటే, "మా ఇంటి ఆడబిడ్డవు, మనకి కాగితాలేందమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఈ పిచ్చితల్లి పొంగిపోయింది.

బయ్యన్న చీనీ తోటకి నీళ్ల కోసం బోరు మీద బోరు వేసినాడు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అంగళ్లు బ్యాంకులో కుదవపెట్టి మళ్లీ వేసినాడు, మళ్లీ దుమ్మే. పోయిన ఎండాకాలం బ్యాంకోళ్లు వచ్చి కృప షట్టరు మీద నోటీసు అంటించిపోయినారు. ఆయమ్మ ఏం చేసిందో తెలుసా? అన్న పరువు బజార్న పడతాదని, తడిగుడ్డతో రుద్ది రుద్ది ఆ కాగితం పీకేసింది. సదవను కూడా సదవలేదు. బుద్ధి ఉన్నోళ్లు చేసే పనేనా అది? "ఊరికే బెదిరిస్తారులేమ్మా, నేను చూసుకుంటా" అన్నాడు బయ్యన్న. ఆమె నెలనెలా బాడుగ తీస్కపోయి ఆయన చేతిలో పెడతానే వచ్చింది.

ఈ సోమవారం, వేలంలో అంగళ్లు కొన్నాయన కారు దిగినాడు. ఉండాలంటే కొత్తగా అడ్వాన్సు కట్టమన్నాడు, లేదంటే నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. "పాతది నాకెవరిచ్చినారమ్మా? తీసుకున్నోణ్ణి అడుగు" అని కారెక్కి పోయినాడు.

కృప పక్కంగడి తేజ దగ్గరికి పోయింది. తేజ బయ్యన్న అక్క కొడుకు, పురుగుమందులు అమ్ముతాడు. "మన అడ్వాన్సులు గంగలో కలిసినాయి గదప్పా" అనింది.

"నాదేం పోలేదక్కా" అన్నాడు తేజ డబ్బాలు సర్దుతానే. "మామ పోయినేడే చెప్పినాడు గదా. అంగళ్లు నిలబడవు, బాడుగ ఇయ్యద్దు, అడ్వాన్సులో పట్టుకో అని. నాది చెల్లిపోయింది." ఆమె మొగం చూసినాక, "నీకు చెప్పలే?" అని నాలిక కరుచుకున్నాడు.

మిట్టమధ్యాన్నం ఎండలో బయ్యన్న ఇంటికి నడిచిపోయింది కృప. ఆయన వసారాలో మంచం మీద కూర్చోనుండాడు. భార్య రామసుబ్బమ్మ ఎప్పటి మాదిరే గ్లాసులో మజ్జిగ తెచ్చింది. కృప అందుకోలేదు.

"తేజకి చెప్పినావంట. నాకెందుకు చెప్పలేదన్నా?"

బయ్యన్న నేల చూస్తా చెప్పినాడు. "తోట ఎండిపాయ. వాని బాడుగ ఆగిపాయ. నువ్వూ ఆపేసింటే మేమేం తినాలమ్మా? వానికి చెప్పకపోతే మా అక్క గడప తొక్కనియ్యదు. నువ్వైతే ఏమీ అనవులే అనుకుంటి."

ఏమీ అనదంట. దుడ్లు పోయినందుకు ఏడుపు వేరే ఉండాది, దానికి రాత్రుళ్లు శానా ఉండాయి. ఆడబిడ్డా ఆడబిడ్డా అని పిలిచి, గొంతు కొయ్యాల్సి వచ్చినప్పుడు తననే చూసి ఎంచుకున్నాడే, అది కృపకి మింగుడుపడలేదు.

"సరేన్నా. నీ దగ్గర లేవు, ఈపొద్దు అడగను. ఒక్క మాట అను చాలు. ఏడాదిగా ఈ ఇంటికి కూడు పెట్టింది కృపాకుమారి అని నీ నోటితో అను. వదిన కూడా వింటాది."

బయ్యన్న మొగం మాడిపోయింది. అంతసేపూ నేల చూసినాయన తల ఎత్తినాడు.

"ఏం మాటలే అవి? మా ఇంటికి నువ్వు కూడు పెట్టేదేంది?"

రామసుబ్బమ్మ మజ్జిగ గ్లాసు తీసుకోని లోపలికి పోయింది.