సగం వినికిడి

విషజ్వరం తగ్గేసరికి ప్రియ కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది మందగించింది. ఆ సంగతి ఆటో నడిపే మొగుడు ఎజ్రాకు కూడా ఆమె చెప్పలేదు. చెబితే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పరీక్షకు పంపడని భయం. డాక్టర్లు చెప్పి రికార్డు చేసిన రోగుల వివరాలను విని, తప్పు లేకుండా టైపు చేసే పని అది. డిగ్రీ చదివీ చామంతి తోటల్లో కూలికి పోతున్న ప్రియకు, కుర్చీలో కూర్చుని చేసే పని అదొక్కటే దొరికేలా కనిపించింది.

చేవెళ్ల నుంచి మొయినాబాద్‌కు బస్సులో పోయి నేర్చుకుంది. ఇయర్‌ఫోన్‌ను ఎడమ చెవికి అదుముకుని, అందని మాటను ముందూ వెనకా చూసి ఊహించేది. ఊహ చాలాసార్లు సరిపోయేది. పరీక్షలోనూ సరిపోయింది. సర్టిఫికెట్‌కు ఎజ్రా అద్దం కట్టించాడు. అత్త పెంటమ్మ చర్చిలో లేచి, కోడలు పాసైంది దేవుడి దయేనని సాక్ష్యం చెప్పింది.

ఉద్యోగమూ అక్కడే దొరికింది. పాఠం చెప్పిన ఉమారాణే ఆఫీసులో ఆమె రాసినవి సరిచూసేది. ఒక మధ్యాహ్నం పిలిచింది.

"ఇది నువ్వు రాసిందేనా?"

"అవ్ మేడం."

"డాక్టర్ హైపోటెన్షన్ అంటుండు. బీపీ పడిపోయిందని. నువ్వు హైపర్ అని కొట్టినవ్. ఇది చూసి బీపీ తగ్గే మందిస్తే ఆ ముసలామె బతుకుతదా?"

ప్రియ మళ్లీ విన్నది. మళ్లీ హైపర్ అనే వినబడింది. ఇయర్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టింది.

"నాకు చెవులు సక్కగ ఇనొస్తలేవు మేడం. పరీక్షకు ముందుసంది."

ఉమారాణి లేచి తలుపు దగ్గరకు వేసింది. "ఎవ్వరికి చెప్పకు. నీయి నేను రెండుసార్లు చూస్త. గింత కష్టపడి పాసైనవ్."

"మీరు లీవ్ పెట్టిన దినం?"

ప్రియ ఆ రోజే పని మానేసింది.

ఇంట్లో చెబితే ఎజ్రా మొదట నమ్మలేదు. ఆమెకు కుడివైపున నిలబడి మెల్లగా ఏదో అన్నాడు. ప్రియ కదల్లేదు. అతని ముఖం నల్లబడింది.

"మొన్న పొయ్యికాడ స్నిగ్ధ ఏడుస్తుంటే గందుకేనా పలుకలే?"

ప్రియ తలూపింది. ఆ రోజు బిడ్డ చెయ్యి కాలింది. సెల్లు పట్టుకుంటే పిల్ల సోయే ఉండదని అత్త తిట్టిన తిట్లన్నీ ప్రియ నోరెత్తకుండా పడింది.

దవాఖానలో చెవి డాక్టర్ పరీక్ష చేసి, కుడివైపు నరం చచ్చిపోయిందన్నాడు. మొదట్లోనే వచ్చి ఉంటే మందులు పనిచేసేవేమోనన్నాడు. ఎడమది మిగలాలంటే ఇయర్‌ఫోన్ ముట్టొద్దన్నాడు. మొదట్లో ఆమె క్లాసు పోతుందని దవాఖానకు పోలేదు.

బయటికొచ్చాక ఎజ్రా ఆటోలో కూర్చున్నాడు గానీ స్టార్ట్ చేయలేదు. వెనక్కి తిరిగి, ఆమెకు వినబడేలా గట్టిగా అడిగాడు.

"నాకొక్క మాట చెప్తే ఏమైతుండె?"

"చెప్తే చదువు బంద్ చేయిస్తుంటివి."

ఎజ్రా తలూపాడు.

"చేయిస్తుంటి" అన్నాడు.

మరుసటి సోమవారం ప్రియ అత్త వెంట చామంతి తోటకు పోయింది. మేస్త్రీ ఏ సాలు పట్టాలో చెప్పాడు. ఆమె అక్కడే నిలబడి ఉండటం చూసి, అందరూ తిరిగి చూసేంత గట్టిగా అరిచి మళ్లీ చెప్పాడు.