అత్త చీర కట్టుకున్న పొద్దు

ఆదివారం కుప్పం నుంచి మనిషొచ్చి ఆవును తోలుకుపోతాడని వేరే ఊళ్లో ఉద్యోగం చేసే మా ఆయన సిద్ధార్థ ఫోన్లోనే బేరం ఖాయం చేసేసుకున్నాడు. శనివారం తెల్లారేసరికి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

అది పుంగనూరు ఆవు. పొట్టిది, పొగరుమోతుది. మా అత్త నారాయణమ్మ కూలి డబ్బులు కూడబెట్టి, దూడగా కొని పెంచింది. ఆమె పోయిన నెల కన్నుమూసింది. అప్పట్నుంచీ ఆవు తన దూడకు పాలు వదులుతుంది గానీ, మనిషి చెయ్యి పడితే బిగబట్టేస్తుంది. మామ చెంగయ్య కూడా అంతే. లేస్తూనే అత్తతో తగువు పెట్టుకునే మనిషి, ఏడవలేదు, నోరు విప్పలేదు. కొట్టానికీ వాకిలికీ మధ్య ఊరికే తిరుగుతుంటాడు. ఈ ఆవు కూడా పోతే మామ మాకు దక్కడని నా భయం. చెబితే సిద్ధార్థ, "పాలియ్యని ఆవును ఎవురు మేపుతారు? నువ్వా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

నేను మదనపల్లెలో డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెబుతాను. గంట కొట్టి కుక్కకు తిండి పెడుతూ పోతే, కొన్నాళ్లకు గంట విన్నా చాలు దాని నోరూరుతుందని ఏటా ప్రవర్తనావాదం కింద మొదట్లోనే చెప్పే పాఠం. ఈ ఆవుకూ అలాంటి గంటలేవో ఉండాలి కదా! వారమంతా అత్త బకెట్టే పెట్టాను, అత్త పీటే వేశాను, ఆమెలాగే గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగాను. చుక్క రాలేదు. ఇక మిగిలింది అత్త చీర.

కాలేజీకి వెళ్లే బస్సుకు టైమవుతోంది. పెట్టెలోంచి ఆమె ఎర్రంచు చీర తీసి కట్టుకుని, కొంగు నడుముకు దోపి, కొట్టంలో పీట మీద కూర్చున్నాను. ఆవు వాసన చూసింది, చెవులు కదిపింది, ఆపైన తన్నింది. "ఛీ, నీ మొహానికి ప్రవర్తనావాదం కూడానా!" అని తిట్టాను. ముక్కలన్నీ పోగేసినంత మాత్రాన మొత్తం కాదంటారు సైకాలజీలో గెస్టాల్ట్ వాళ్లు. విడి చుక్కలు కలిసి బొమ్మగా ఎలా కనబడతాయో బోర్డు మీద పెట్టి మరీ పిల్లలకు చూపిస్తాను. ఇక్కడ ఏ చుక్క తక్కువైందో మాత్రం నాకు తోచలేదు.

అప్పుడు వెనకనుంచి గొంతు వినబడింది.

"ఏమ్మే, కాపీ యాడ? ఒక దినమన్నా టయానికి ఇచ్చినావా? ఆ ఆవుకు చేసే సేవలో సగం నాకు చెయ్యరాదా?"

మామ! అత్త పాలు పితికేటప్పుడు రోజూ ఇదే గొడవ. దుప్పట్లోంచి విని విసుక్కునేదాన్ని.

తిరిగితే నా మొహం కనబడుతుంది. తిరగడానికి భయమేసింది. అంతలో వేళ్ల కింద పొదుగు మెత్తబడింది. బకెట్లో పాలు జుయ్యిమని పడ్డాయి.

ఆ చప్పుడుకు మామ దగ్గరికొచ్చి నన్ను చూశాడు. "ఉషా..." అంటూ అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. పెద్దాయన్ను ఇంత ఏడిపించానే అని నన్ను నేను తిట్టుకుని చెయ్యి ఆపబోయాను.

"ఆపొద్దమ్మా, పిండు. ఆపితే మళ్లా ఇయ్యదు."

నేనూ ఏడుస్తూనే పిండాను. బస్సు వెళ్లిపోయింది.

"సిద్ధూకి ఫోన్ చెయ్యి. ఆవును ఇచ్చేది లేదని చెప్పు" అన్నాడు మామ కళ్లు తుడుచుకుని. నా వైపు చూడకుండానే, "రేపట్నుంచి ఆ చీర మాత్రం కట్టుకోవాకమ్మా. నేనే వచ్చి ఈడ కూర్సుంటా. తిట్టేదానికి నేనుండా కదా" అన్నాడు.