ఏడు గాజుల కల

దూరవిద్య అని ఎందుకన్నారో ఐదేళ్లకు గానీ నాకు అర్థం కాలేదు. విద్య మనకి దూరంగానే ఉంటుందని వాళ్లు ముందే చెప్పేస్తున్నారు పాపం, మనమే వినిపించుకోం! పలాసలో ఇంటర్ పిల్లలకి తెలుగు చెప్పుకునే నేను నలభై రెండో ఏట సైకాలజీ ఎమ్మేలో చేరాను. పురాణాలు చెప్పే నోరు కదా, పురాణానికీ కలకీ మనసు అట్టడుగున చుట్టరికం ఉందనే ఆ లోతు మనస్తత్వశాస్త్రం నాకు తెగ నచ్చేసింది. లోతెంతో చూడకుండా దిగిపోయాను. ఉన్నది జీడిపప్పు ఊరు కాబట్టి కాబోలు, చదువు జీడిపాకంలా సాగింది. చివరికి ప్రాజెక్టు ఒక్కటే మిగిలింది. 2003 మార్చి ఆఖరులోగా దానిమీద గైడు సంతకం పడాలి. పడకపోతే గడువు దాటినట్టే, మళ్లీ మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టాలి.

గైడు వైకుంఠరావు గారు విశాఖలో, దూరవిద్య ఆఫీసు మేడమీద కూర్చుంటారు. "ఒకే ఊరి నుంచి ముప్ఫై కలలు పట్రా సూర్యం. పుస్తకాల్లోంచి కాదు, మనుషుల్లోంచి" అన్నారు.

సరేనని మాకు దగ్గర్లో సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరు అక్కుపల్లి వెళ్లాను. కల ఆరిపోకముందే పట్టుకోవాలని చదివాను కదా, తెల్లవారేసరికి ఒడ్డున ఉన్నాను. ఎనిమిది మంది పడవని నీళ్లలోకి తోస్తున్నారు. నేను కలలు రాసుకునే ఫారాలు తీసి, "రాత్రి ఎవరికేం కల వచ్చిందండీ?" అని అడిగాను. నా గొంతు సంగతి చెప్పాలి. నా పాఠం మా క్లాసు చివరి బెంచీకే కాదు, పక్క కాలేజీ చివరి బెంచీకి కూడా అందుతుంది.

వరహాలు అనే అతను మర్యాదస్తుడు. పడవకి కట్టిన తాడు పట్టుకునే జవాబు చెప్పాడు. "మా పడవ ఒడ్డుకొచ్చినాది మేస్టారూ. అందల ఎవలూ నేరు."

అంతే, ఖాళీ పడవ మాట చెవిన పడగానే మిగతా ఏడుగురూ పడవ మీదినుంచి చేతులు తీసేశారు. ఒకడు ఇసకలో చతికిలబడ్డాడు, ఇంకొకడు నోటికొచ్చింది తిట్టుకుంటూ ఇంటిదారి పట్టాడు. ఆ రోజు పడవ కదల్లేదు.

కులపెద్ద పోలారావు నా చెయ్యి పట్టుకుని కొబ్బరితోట దాకా లాక్కొచ్చాడు.

"ఏటి మేస్టారూ నువ్వు సేసిన పని? సెడ్డ కలొస్తే మేం మనిసికి సెప్పం. ముందు సముద్రంకాడికెల్లి నీలకి సెప్పీసి, మొగం కడుక్కుని పనిలోకెల్తాం. మనిసి సెవిలో పడినాక ఆ పడవ ఎవడెక్కుతాడు?"

"నాకు తెలీదు పోలారావూ."

"సదూకున్నోడివి, తెలుస్తాదనుకున్నాను."

నా మొహం చూసి జాలేసిందేమో, కాసేపటికి మెత్తబడ్డాడు. "ముప్పై కావాలా? ఆదోరం సాయంత్రం రా. ఆ రోజు ఏటకి పడవలెల్లవు. సూద్దాం."

ఆదివారం వెళ్లేసరికి వలలు ఆరేసే చోట ముప్ఫై మంది వరసగా కూర్చుని ఉన్నారు. రేషను షాపు దగ్గర కూడా అంత వరస నేనెప్పుడూ చూడలేదు. అనుమానం రావలసింది, ఆనందం వచ్చింది.

ముందు చేపలమ్మే నూకాలమ్మ చెప్పింది. "గంగమ్మ తల్లి ఎర్రకోక కట్టుకుని మా పడవలో కూకున్నాది బాబూ. ఎడంసేతికి ఏడు గాజులు. నన్ను సూసి నవ్వినాది."

నాకు ఒళ్లు పులకరించింది. రెండో మనిషి కలలోకీ గంగమ్మే వచ్చింది. ఒకటే సముద్రం కదా అనుకున్నాను. మూడోవాడికీ ఎర్రకోకే. నాలుగు, ఐదు కూడా అంతే. ఆరోవాడు మధ్యలో ఆగి, బుర్ర గోక్కుని, వెనక్కి తిరిగి అరిచాడు.

"మావా! గాజులెన్నన్నారు?"

"ఏడురా ఎదవా! రెండుసార్లు సెప్పినాను!" అన్నాడు పోలారావు.

నా కలం ఆగిపోయింది.

"ఏమిటిది పోలారావూ?"

"మీటింగెట్టుకున్నాం మేస్టారూ" అన్నాడు, ఏ దాపరికమూ లేకుండా. "బయటోల్లకి ఏది సెప్పినా మా ఊరు ఒక్కమాటే సెప్తాది. ఒకడొకటి, ఇంకోడొకటి వాగితే నవ్వులపాలు. అందుకే మంచి కల సూసి ఎట్టినాం. ఏ పడవకీ దోసం నేదు."

"మరి ఏడు గాజులేమిటి?"

"ఐదంటే తల్లికి తక్కువైపోతాది. తొమ్మిదంటే మన గొప్ప మనం సెప్పుకున్నట్టుంటాది. గంటసేపు తగువు."

నూకాలమ్మ ఇంకా రాజీపడలేదు. "రెండు సేతులకీ ఏసుండాలి. రెండో సెయ్యి బోసిగా, ఏటది?"

కలలడిగితే కల్లలిచ్చారని మండిపడ్డాను. ఫారాలు ఇసకలోకి విసిరి, "మీ సొంత కలలు చెప్పండయ్యా! నా చదువు మీ చేతిలో ఉంది!" అని అరిచాను.

నూకాలమ్మ ఆ ఫారాలు ఏరి, ఇసక దులిపి, నా ఒళ్లో పెట్టింది. "మాయి తరవాత బాబూ. ముందు నీ కలొకటి సెప్పు."

నోరు తెరిచాను. అంతకుముందు వారమే వచ్చిన కల ఒకటి కళ్లముందుకొచ్చింది. అందులో నేనేం చేశానో ముప్ఫై మంది ముందు చెప్పాలి. గొంతు మొదటి బెంచీకి కూడా పెగల్లేదు.

"సూసినావా" అంది నూకాలమ్మ. ఎగతాళిగా అనలేదు. అందుకే ఎక్కువ మండింది.

మిగతా ఇరవై నాలుగు ఫారాల్లోనూ అదే గంగమ్మని రాసుకున్నాను. ఇంటికొచ్చి, చివర్లో ఇంకొక్క పేజీ చేర్చాను. నేను నోరు జారి పడవ ఎలా ఆపానో, కలని మనిషికి కాక నీళ్లకి ఎందుకు చెబుతారో, ఊరు మీటింగు పెట్టి గాజులెలా తేల్చిందో అందులో రాశాను. మార్చి ఇరవై ఎనిమిదిన అన్నీ పట్టుకుని విశాఖ రైలెక్కాను.

వైకుంఠరావు గారు పది ఫారాలు చదివేసరికి కుర్చీలోంచి లేచిపోయారు. "ముప్ఫై మందికీ ఒకే కలా! అందరికీ అడుగున ఒకటే మనసు, సామూహిక అచేతనం అంటే ఇదే కదయ్యా! ఏడు గాజులు... సప్తమాతృకలు, సప్తసముద్రాలు! ఎంత లోతు, ఎంత లోతు!"

"సార్, అది సామూహిక అచేతనం కాదండీ, సామూహిక సమావేశం. ఆఖరి పేజీ చూడండి."

చూశారు. మళ్లీ కూర్చున్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ పేజీ తీసెయ్."

"సార్..."

"ఇది ఉంటే నీ ముప్ఫై ఫారాలూ చెత్త. తీసేస్తే డిస్టింక్షన్. ఇదిగో, పెన్ను తీశాను. నీ ఇష్టం."

పేజీ మూల పట్టుకున్నాను. దారంతో కుట్టినదే, ఒక్క లాగు లాగితే ఊడొస్తుంది. ముందున్న పేజీలన్నీ ఎవరెవరి పుస్తకాల్లోంచో దింపుకున్నవి. ముప్ఫై కలలూ పోలారావు కమిటీ అల్లి ఇచ్చినవి. ఐదేళ్లలో కలల గురించి నాకు సొంతంగా తెలిసింది ఏదైనా ఉంటే అది ఆ ఒక్క పేజీలోనే ఉంది. దానికోసం ఎనిమిది మంది ఒక రోజు వేట పోగొట్టుకున్నారు.

చెయ్యి తీసేశాను. "ఉండనివ్వండి సార్."

"మళ్లీ మొదటి సంవత్సరం నుంచి చదవాలయ్యా. తెలుసా?"

"తెలుసండీ."

"దీనితో ఏం సాధిద్దామని?"

"ఏమో సార్" అన్నాను. గైడంటే దారి చూపిస్తాడంటారు. ఆయన పెన్నుకి మూత పెట్టి ద్వారం చూపించారు.

మెట్లు దిగుతుంటే ఒళ్లు మండిపోతోంది. గైడు మీద, పోలారావు మీద, నూకాలమ్మ మీద, అందరికన్నా ఎక్కువ నామీద. కింద మొదటి సంవత్సరం దరఖాస్తులిచ్చే కిటికీ దగ్గరికి వెళ్లాను. గుమాస్తా రెక్క మూస్తూ, "లంచ్ టైమండీ. రెండింటికి రండి" అన్నాడు.

అక్కడ ఇంకెవరూ లేరు. అయినా వరసలో ముందు నేనే ఉండాలని, ఆ కిటికీకి మొహం పెట్టి పళ్లు నూరుకుంటూ నిలబడ్డాను.