పట్టు పలికిన పిడికిలి

వర్షావసానసమయమున నిర్మలమైన గగనతలమునుండి శరదాతపము జాలువారి ధర్మవరపట్టణమందలి యొక సందున వెదురుగడలపై వ్రేలాడుచున్న పట్టునూలు చుట్టలగు చిలపల యార్ద్రతను మెల్లమెల్లగా హరించుచుండగా, మగ్గముల నిరంతరనాదమునకు నడుమ, పండితసభలయందు వన్నెకెక్కిన వకుళ యను పరిశోధకురాలు హనుమక్క వాకిట తలవంచుకొని నిలిచియుండెను. విద్య యామెకు చిరకాలముగా మెండు. వినయము మాత్ర మప్పుడప్పుడే యబ్బుచుండెను.

కాలి చెడిన చర్మము మరల మొలచుటకై జీవకణములు పట్టుకొని ప్రాకునట్లు కంటికానని సన్నని తంతువులతో పందిరి యల్లుట వకుళ విద్య. కృత్రిమమైన పాలిమరు తంతువునకు బలము మెండు గాని కణములు దానిపై నిలువనొల్లవు. పట్టుపురుగు ప్రసాదించిన ప్రోటీనుపై కణములు మక్కువతో నిలుచును గాని యది యొంటరిగా బరువోర్వలేదు. కావున నామె రెండింటిని కరగించి కలిపి విద్యుచ్ఛక్తిచే తంతువులుగా నీడ్చుచుండెను.

ఆ పందిరి హనుమక్క చేతికొఱకే. నలువదియేండ్లుగా పచ్చిపట్టును సోడానీళ్లలో నుడికించి బంక వదలించుటయే జీవనముగాగల యామెపై ఎనిమిదిమాసములక్రిందట కాగు దొర్లి కుడియరచేతి చర్మము నపహరించెను. వ్రణము మానలేదు; పిడికిలి ముడువ శక్యముగాకుండెను. శీతకాలము ముగియులోపల చర్మము పుట్టకున్న వ్రేళ్లు కొంకర్లుపోవునని వైద్యులు చెప్పిరి. వకుళ పందిరి ఉప్పునీట పదిదినములు నిలిచినచో పరీక్షార్థము వేయుదుమని సమ్మతించిరి. ఐదుమారు లల్లిన పందిరియు రెండవనాటికే చెదరిపోయెను. ఆ మాట స్వముఖమున చెప్పుటకు వచ్చిన వకుళ, దోషము పట్టుదేమో యని శంకించి, తా నుడికించిన పట్టులో మిగిలినదానిని వెంటతెచ్చెను.

"ఐదోసారి కూడా పొడైపోయింది హనుమక్కా. తప్పు ఎక్కడుందో తెలియడం లేదు."

హనుమక్క నిందింపలేదు. ఆ పట్టును నిమ్మరసము పిండిన నీళ్లలో జాడించి యెండలో నార్చి యెడమపిడికిట నిమిడ్చి చెవియొద్ద పిసికి చూచెను. ఏ సవ్వడియు లేదు.

"దీన్ని ఎంతసేపు ఉడకబెట్నావమ్మా?"

"రెండు గంటలు. బంక రవ్వంత మిగిలినా నీ పుండు వాస్తుందని భయపడ్డాను."

"బంక పోవల్ల గానీ పట్టు ప్రాణం పోగూడదు గదమ్మా! అరగంట సాలు. ఇట్ల పిసికితే కిర్రుమనల్ల. ఇది నోరే తెరవలేదు సూడు."

పదునొకండు సంవత్సరములు గ్రంథములు నమిలి, లక్షలు ఖరీదుచేయు యంత్రములను ముంగిట నిలుపుకొని, పట్టుకు నోరున్నదని యెఱుగని వకుళకు సిగ్గు ముంచుకొనివచ్చెను. అతిశుద్ధికై తాను పడిన యారాటమే పట్టుతంతువుల బలమును లోలోపల తునుకలు చేసెనని యామె గ్రహించెను. ఆనాడే పొయ్యి రాజవేసిరి. హనుమక్క యొంటిచేతితో చూపుచుండ వకుళ కొంగు బిగించి చిలపను త్రిప్పి తీసి జాడించి యార్చి పిసికెను. మూడవ చిలపకు గాని పట్టు పలుకలేదు. పలికినంతనే పసిబిడ్డవలె నామె చప్పట్లు చఱచినది.

ఆ పట్టుతో నల్లిన యాఱవ పందిరి ఉప్పునీట పదిదినములు చెక్కుచెదరలేదు. వైద్యులు దానిని వ్రణముపై పఱచిరి. వారము వారము అంచులనుండి క్రొత్తచర్మము నడుమకు ప్రాకివచ్చెను. పట్టు కణములను నిలిపినది. పాలిమరు పట్టును నిలిపినది.

మాఘమాసమున నొక యుదయమున వకుళ మరల నా సందునకు వచ్చునప్పటికి హనుమక్క వెదురుగడనుండి యారిన చిలపల దింపుచుండెను. లేతవన్నెగల యా కుడియరచేతిని చూడగనే వకుళకు కన్నులు చెమర్చెను. ఆమె యా చేతిని రెండుచేతులతో పట్టుకొని కన్నుల కద్దుకొనెను.

"అయ్యో, సదువుకున్న బిడ్డవు, నాకు మొక్కుతావేమి తల్లీ! నీ సలవతో గదా చెయ్యి తిరిగొచ్చింది."

"నీ చెవి లేకుంటే నా చదువు ఎందుకూ పనికిరాకపోయేది హనుమక్కా."

హనుమక్క యొక చిలపను కుడిపిడికిట నిమిడ్చి వకుళ చెవియొద్దకు చేర్చి వ్రేళ్లైదును ముడిచి గట్టిగా పిసికెను.

కిర్రుమని పట్టు పలికెను.