దేముడమ్మ పెట్టిన విందు

1926లో అరకు కొండల్లోని మా బడి నుంచి ఉపాధ్యాయ శిక్షణకు పంపదగినవాడు బుధు ఒక్కడే. తండ్రి లేని పిల్లవాడు. విజయనగరంలో శిక్షణకు చోటు దొరికింది కాని, రెండేళ్ళ తిండికి దారి లేదు. నేను ఎన్నో గడపలు తొక్కాక ఒక వర్తకుడు తన సత్రంలో భోజనం పెట్టిస్తానన్నాడు. అయితే కుర్రవాడు నిజంగా బీదవాడో కాదో తన గుమాస్తా వరహాలరావు ఇంటికి వచ్చి చూడాలన్నాడు.

బుధు తల్లి దేముడమ్మకు ముందే చెప్పాను.

"ఉన్నది ఉన్నట్టే చూపించమ్మా. అంబలి ఉంటే అంబలే పెట్టు."

ఆమె నవ్వింది. "నా గుంటడికి కూడెట్టే బాబొత్తంటే అంబలెట్టమంతావా? నీకేటి, మతి పోనాదా పంతులుబాబూ?"

వరహాలరావు డోలీలో వచ్చాడు. మేము చేరేసరికి దేముడమ్మ మెడలో వెండి కంటెలు, వాకిట్లో వరసగా ఇత్తడి బిందెలు. అన్నీ ఇరుగుపొరుగువి. విందుకు మేకను మరిది దగ్గర తెచ్చింది. బదులుగా ఏడాదిపాటు అతని కొండపోడులో వెట్టి చెయ్యాలి.

బుధు తల వంచుకుని వడ్డించాడు. వరహాలరావు మాంసం మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాడు. అతను చేతులు కడుక్కునేటప్పుడు పక్కకు పిలిచి అంతా చెప్పాను.

"అన్నీ అరువువేనండి. ఈ ఇంట్లో మట్టికుండలు తప్ప ఏమీ లేవు."

"ఇంత అరువు పుట్టేవాళ్ళకు ధర్మం ఎందుకు మాస్టారూ?" అన్నాడు పళ్ళు కుట్టుకుంటూ. "మా సత్రంలో ఇలాంటి భోజనం ఎక్కడిది? మీవాడు అక్కడికొస్తే చిక్కిపోతాడు."

డోలీ మోసేవాళ్ళు నవ్వారు. వెళ్తూ అతను అడిగి మరీ ఒక కోడిని పట్టించాడు. దాని కాళ్ళు దేముడమ్మే కట్టి ఇచ్చింది.

ఆ ఎండాకాలం అస్సాం తేయాకు తోటలకు కూలీలను చేర్చే మేస్త్రీ వచ్చాడు. అతను ఎవరి బీదరికమూ పరీక్షించలేదు. బుధు రెట్ట పట్టి చూసి సరే అన్నాడు. వెట్టి తల్లి మీద పడకుండా మేక ధర తీర్చాలని బుధు అతని వెంట వెళ్ళాడు. వెళ్ళేముందు బడికి వచ్చి పిల్లల పలకలన్నీ తుడిచిపెట్టాడు.

మరుసటి వానల్లో తోటల నుంచి తిరిగివచ్చిన ఒకతను చెప్పాడు. బుధును జ్వరంతోనే పనికి తోలారట. పోయాడట. ఎక్కడ పాతిపెట్టారో అతనికి తెలియదు.

ఆ మాట దేముడమ్మకు నేనే చెప్పవలసి వచ్చింది.  ఆమె ఒక్కటే అడిగింది.

"ఆ డోలీబాబుకి నేనెట్టిన కూట్లో ఏటి తక్కువైనాది పంతులుబాబూ?"

"ఏమీ తక్కువ కాలేదమ్మా" అన్నాను.