ఏ సేత్తో రాసినావు

అప్పలసూరి నా కుడిచెయ్యి విరగ్గొట్టింది రౌడీ అన్నందుకు కాదు. ఆ మాట అతనికి ఇష్టమే. నా కథలో ఒక రౌడీ హార్బర్లో చేపలమ్మే ఆడవాళ్ళ బుట్టల్లోంచి రోజూ మంచి చేప ఏరుకుపోతుంటాడు. ఒకరోజు ఒక ముసలావిడ ఎదురు తిరిగేసరికి భయపడి పారిపోతాడు. పేరు మార్చాను, ఊరు కూడా మార్చాను. అయినా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ కథ పడ్డ పత్రిక పట్టుకుని వచ్చి, హార్బర్లో చేపలు కొనడానికి వెళ్ళిన నన్ను ఐసు షెడ్డు దగ్గర ఆపాడు.

"ఏ సేత్తో రాసినావు బావా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు.

వెర్రివాణ్ణి, కుడిచెయ్యి చూపించాను. దాన్నే ఐసు దిమ్మ మీద అదిమిపట్టి, దిమ్మలు బద్దలుకొట్టే దుడ్డుకర్రతో ఒక్కటిచ్చాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు బాగా వినపడింది.

"నాను బయపడిపోనానని రాత్తావేటి?" అంటూ రెండోది కొట్టాడు.

ఎముకలు అతుక్కున్నాయి. నేను పోర్టులో క్రేన్ నడుపుతాను. లివర్లు పట్టుకోవడానికి ఆ చెయ్యి బాగానే పనికొస్తుంది, అన్నం కూడా కలుపుతుంది. పెన్ను పట్టుకుంటే మాత్రం చెమటలు పట్టి జారిపోతుంది. ఫోన్లో టైపు చెయ్యబోయినా అంతే. మా ఆవిడ నాగశ్రీ కొత్త పెన్నులు కొంది, పొద్దున్నే బీచికి తీసుకెళ్ళి సముద్రం చూపించింది. పోర్టులో పనిచేసేవాడికి సముద్రం చూపిస్తే కథలొస్తాయా? పోనీ పోలీసులకు ఫిర్యాదు రాయమంటే, అదీ రాయడమే కదా అని కసిరాను. రాయడం తప్ప నాకంటూ వేరే ఏమీ లేదు. అదీ పోయిందని ఏడుపొచ్చేది.

మొన్న ఆదివారం పొద్దున హార్బర్లో చేపలమ్మే చిట్టెమ్మ దగ్గర వంజరం చేప బేరమాడుతున్నాను. ఆమె అరవై దాటిన మనిషి. అప్పలసూరి వచ్చి, నన్ను చూసి నవ్వి, ఎప్పట్లాగే ఆమె బుట్టలో చెయ్యి పెట్టాడు. చిట్టెమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. అతను ఆమె డొక్కలో తన్నాడు. ఆమె వెళ్ళి చేపల మీద పడింది.

ఆ వరసలో ఆడవాళ్ళంతా ఒక్కసారే లేచారు. ఒకావిడ బుట్టతో నెత్తిన మోదింది. ఇంకొకావిడ జుట్టు పట్టి మొహాన్ని సిమెంటు గచ్చుకేసి కొట్టింది. మరొకావిడ టేకు చేప ముళ్ళ తోకతో వీపు చీరేసింది. రెండు పళ్ళు ఊడి పొలుసుల్లో దొర్లాయి. నాకు సంతోషం వేసింది, దాచుకోను. పడే ప్రతి దెబ్బకీ నా వేళ్ళు ముడుచుకుంటున్నాయి.

చిట్టెమ్మ లేచి, నోట్లో నెత్తురు ఉమ్మి, షెడ్డులోంచి దుడ్డుకర్ర తెచ్చి నాకిచ్చింది. ఇద్దరు అతని కుడిచేతిని ఐసు దిమ్మకేసి నొక్కారు.

"నీ సెయ్యి ఇరగ్గొట్టింది ఈడే గదా బాబూ. కొట్టు."

నా చెయ్యి కర్రను గట్టిగా పట్టుకుంది. చెమట పట్టలేదు. పైకెత్తాను. అప్పలసూరి లుంగీ తడిసిపోయింది. ఆనందపురంలో ఉన్న అమ్మను పేరుపెట్టి పిలిచి ఏడ్చాడు. నేను బలంకొద్దీ కర్ర దించాను.

అతని వేళ్ళ పక్కన దిమ్మ పగిలి రెండైంది. నాకు దయ అడ్డొచ్చిందని ఎవరూ అనుకోవద్దు. ఆ చెయ్యి విరిగితే నా కసి అక్కడితో తీరిపోతుంది. ఇంటికెళ్ళి సుబ్బరంగా తిని పడుకుంటాను, ఇక రాయాల్సిన అవసరమే ఉండదు. దానికే నాకు భయమేసింది.

కర్ర చిట్టెమ్మకిచ్చి వచ్చేస్తుంటే అప్పలసూరి పాకుతూ వచ్చి నా కాలు పట్టుకున్నాడు.

"బావా, నాను బయపడనేదని రాయి."

"రాత్తాను బావా" అన్నాను.

చేపలు మరిచిపోయి ఇంటికొచ్చాను. చొక్కా నిండా పొలుసులూ నెత్తురూ చూసి నాగశ్రీ కంగారుగా ఏదో అడుగుతోంది. ఆగమని సైగ చేసి పెన్ను తీశాను. 'అప్పలసూరి భయపడ్డాడు' అని మొదలుపెట్టాను. ఈసారి పేరు మార్చలేదు.