కీమాలో సీసం

జ్ఞానప్రకాశానికి జింకను కొట్టడంకంటే, కొట్టిన జింకను పంచిపెట్టడంలోనే సంతోషం ఎక్కువ. బాపట్ల నుంచి కెనడాలోని బర్నబీ వచ్చి ఇరవై రెండేళ్లయింది. కొండమీది యూనివర్సిటీలో లిఫ్టులూ బాయిలర్లూ చూసుకునే ఉద్యోగం. తుపాకీ పట్టింది మాత్రం ఆరేళ్ల కిందటే. అదీ విశ్వేశ్వరరావు గారి పుణ్యమా అని. ఖమ్మం నుంచి వచ్చి స్థిరపడ్డ ఆ పెద్దాయన పాతికేళ్లుగా ఇక్కడి అడవుల్లో వేటాడుతున్నారు. ఏటా నవంబరులో ఇద్దరూ కలిసి కామ్లూప్స్ పైనున్న కొండల్లోకి వెళ్లి, ప్రభుత్వమిచ్చే వేట అనుమతి, అదే ట్యాగ్ ప్రకారం చెరొక జింకను కొట్టుకొస్తారు.

పోయిన నవంబరులో జ్ఞానప్రకాశానికి దొరికిన పోతు పెద్దది. నూటయాభై గజాల నుంచి భుజం వెనక గురిచూసి కొట్టాడు. నిలబడ్డచోటే కూలిపోయింది.

"చూసినవా ప్రకాశం, సీసం దెబ్బంటే ఇట్లుంటది!" అన్నారు విశ్వేశ్వరరావు గారు, అతని వీపు తట్టి. "ఒంట్లోకి దిగంగనే విచ్చుకుంటది. లోపలంతా చిందరవందర చేస్తది. జంతువు రెండో అడుగెయ్యదు."

ఆ మెప్పుకు జ్ఞానప్రకాశం పొంగిపోయాడు. ఇంటికొచ్చాక గరాజ్‌లో బల్ల వేసుకుని, దెబ్బ తగిలినచోట నల్లగా కమిలిన మాంసాన్ని అరచెయ్యంత మేర కోసి అవతల పారేశాడు. మిగతాదంతా శుభ్రంగా మిషన్‌లో వేసి కీమా కొట్టాడు. పొట్లాలు కట్టి, ఏది ఎవరికో మార్కర్‌తో పేర్లు రాశాడు. తెలుగు చర్చి సంఘం వాళ్ల క్రిస్మస్ విందుకు ఇరవై. సంఘంలోనే ఉన్న పద్మకి ఆరు. ఆమె మూడేళ్ల కూతురు ఇషిత ఏం పెట్టినా తినదు గానీ, ఈ కీమా కట్లెట్లంటే మాత్రం ప్లేటు నాకేస్తుంది. అందరికంటే ఎక్కువ తన కూతురు హోప్‌కి. హోప్ కడుపుతో ఉంది. రక్తం తక్కువగా ఉందని డాక్టరు ఐరన్ మాత్రలిస్తే అవి పడక వాంతులు చేసుకుంటోంది. "మాత్రలు పడకపోతే పోనీ తల్లీ, జింక మాంసం తిను. దానంత రక్తం పట్టేది ఇంకోటి లేదు" అని ఒకటికి పదిసార్లు చెప్పి మరీ ఇచ్చాడు.

మార్చి నెలలో ఒక శనివారం మధ్యాహ్నం, హోప్ ఇంటికి తీసుకెళ్లడానికి ఫ్రీజర్‌లోంచి పొట్లాలు తీసి సంచిలో సర్దుకుంటున్నాడు. అప్పుడే డ్యూటీ నుంచి భార్య కృపాబాయి వచ్చింది. ఆవిడ జంతువుల ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. కోటు కూడా విప్పకుండా నేరుగా వంటింట్లోకొచ్చి నిలబడింది.

"ఏవండీ, అవి అక్కడ పెట్టి ఇటు రండి."

ఆ గొంతుకి జ్ఞానప్రకాశం చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది. ఆవిడ ఫోన్ తీసి బల్లమీద పెట్టింది. తెరమీద నల్లటి ఎక్స్‌రే బొమ్మ. మధ్యలో ఇటుకంత బూడిదరంగు ముద్ద. దానినిండా తెల్లటి చుక్కలు, ఎవరో చిటికెడు ఉప్పు చల్లినట్టు.

"ఏంటిది? ఎవరి కుక్కది?"

"కుక్కది కాదండీ. మన కీమా."

అతనికి అర్థం కాలేదు. "ఎముక పొడి పడి ఉంటదిలే. మిషన్లో వేసినప్పుడు..."

"ఇరవయ్యేళ్ల నుంచి నేను చూసేది ఎముకలే కదా! ఎముక ఇంత తెల్లగా కనపడదు. ఇది లోహం. సీసం." కృపాబాయి కుర్చీ లాక్కుని కూలబడింది. "గురువారం ఒక కుక్కని తీసుకొచ్చారు. దాని పొట్టనిండా ఇవే చుక్కలు. ఆ కుక్క గలాయన వేటగాడంట, కోసిన మాంసంలో మిగిలిన ముక్కలు దానికేస్తాడంట. డాక్టరుగారు చూడగానే చెప్పేశారు, బుల్లెట్ తాలూకు సీసమని. అప్పట్నుంచి నా గుండె గుండెల్లో లేదు. ఇవాళ మనవి రెండు పొట్లాలు పట్టుకెళ్లి, ఆయన్నడిగి తీశాను. ఒకదాంట్లో ఏమీ లేదు. రెండోదాంట్లో ఇరవై ఏడు."

"అరచెయ్యంత కోసి పారేశాను కదే!"

"జానెడు దాటి కూడా ఎగురుతాయంట. ఇసక కంటే సన్నంగా ఉంటాయి, పంటికి తగలవు, కంటికి కనపడవు. పైగా మిషన్లో వేసి మొత్తం కలిపాం."

జ్ఞానప్రకాశం సంచిలోకి చూశాడు. పొట్లాలన్నిటిమీదా తన చేతిరాతే. హోప్, హోప్, హోప్.

"ఇప్పటిదాకా దానికి ఎన్నిచ్చారు?" అడిగింది కృపాబాయి.

"పధ్నాలుగు," అన్నాడు.

కూతురి ఇల్లు పది నిమిషాల దూరం. ఇద్దరూ కారులో బయల్దేరారు. హోప్ నవ్వుతూ తలుపు తీసింది. ఆరో నెల పొట్టమీద పిండి మరకల ఏప్రన్. వంటింటి సింకులో, గిన్నెడు నీళ్లలో, పొట్లం ఒకటి కరగడానికి పెట్టి ఉంది. జ్ఞానప్రకాశం చెప్పులు కూడా విప్పకుండా పోయి, నీళ్లు కారుతున్న ఆ పొట్లాన్ని చేత్తో పట్టుకున్నాడు.

"డాడీ, వాట్ ఆర్ యూ డూయింగ్?"

చెప్పే ధైర్యం అతనికి లేకపోయింది. కృపాబాయే కూతుర్ని కూర్చోబెట్టి, ఫోన్ చూపించి, మెల్లగా మొత్తం చెప్పింది. హోప్ చాలాసేపు ఆ తెల్ల చుక్కల్నే చూసింది. తనకి తెలియకుండానే ఆమె చెయ్యి పొట్టమీదికి పోయింది.

"ఐ ఏట్ దిస్ ట్వైస్ ఎ వీక్," అంది చివరికి. కోపం లేదు, ఏడుపు లేదు. అదే అతన్ని భయపెట్టింది. "బికాజ్ యూ టోల్డ్ మీ టు, డాడీ."

పొట్లం చేతిలో పట్టుకుని అతనలాగే నిలబడ్డాడు. నీళ్లు చుక్కలు చుక్కలుగా నేలమీద పడుతున్నాయి.

సోమవారం అల్లుడు ఆరన్ సెలవు పెట్టి హోప్‌ని రక్తపరీక్షకి తీసుకెళ్లాడు. గురువారం ఫలితం వచ్చింది. రక్తంలో సీసం ఉంది, కడుపుతో ఉన్న మనిషికి ఉండకూడనంత. కంగారు పడొద్దన్నారు డాక్టరమ్మ. ఆ మాంసం ముట్టుకోవద్దు, కాల్షియం బాగా తీసుకోవాలి, నెల తర్వాత మళ్లీ చూద్దాం అన్నారు. అయితే తల్లి రక్తంలో ఉన్నది బిడ్డకీ చేరుతుంది, బిడ్డకి ఎంత చేరిందో పుట్టాక గానీ తెలియదు అని కూడా అన్నారు.

ఆ సాయంత్రమే జ్ఞానప్రకాశం విశ్వేశ్వరరావు గారింటికి వెళ్లాడు. ఆయన మొదట కొట్టిపారేశారు.

"ఏంది ప్రకాశం నువ్వు! పాతికేళ్ల నుంచి తింటున్న. నాకేమైంది? దుక్కలాగ లేనూ?"

"మీరు కడుపుతో లేరు కదండీ," అన్నాడు జ్ఞానప్రకాశం.

శనివారం పొద్దున్నే పెద్దాయనే ఫోన్ చేసి, తుపాకీ గురి సాధన చేసే రేంజ్‌కి రమ్మన్నారు. నీళ్లు నింపిన ప్లాస్టిక్ డబ్బాలు వరసగా పేర్చారు. ఒక వరసలోకి ఎప్పుడూ వాడే సీసం తూటా, ఇంకో వరసలోకి కొత్తగా కొన్న పూర్తి రాగి తూటా కాల్చారు. తూటాలు సొంతంగా నింపుకునే అలవాటుండటంతో ఆయన దగ్గర తూటాల బరువుని గ్రెయిన్లలో తూచే చిన్న కాటా ఉంది.

రాగి తూటా నాలుగో డబ్బాలో దొరికింది. ముందు భాగం నాలుగు రేకులుగా వెనక్కి విచ్చుకుంది గానీ, ముక్క రాలలేదు. నూటయాభై గ్రెయిన్లది నూట నలభై తొమ్మిది తూగింది. సీసం తూటా మూడో డబ్బాలోనే ఆగిపోయింది. మిగిలింది నలిగిన రాగి తొడుగు, దానికి అంటుకున్న సీసం ముద్ద. విశ్వేశ్వరరావు గారు దాన్ని కాటామీద పెట్టి కళ్లద్దాలు సవరించుకున్నారు. తీసి మళ్లీ పెట్టారు. నూట అరవై అయిదు గ్రెయిన్ల తూటా తొంభై ఆరే తూగింది.

"మిగతా అరవై తొమ్మిది ఏడబోయింది?"

జ్ఞానప్రకాశం సీసం వరసలో చిల్లులు పడిన మొదటి డబ్బాని ఒంచి, అడుగున మిగిలిన నీళ్లని తెల్ల రుమాల్లోకి వడగట్టాడు. రుమాలుమీద బూడిదరంగు నలుసులు మిగిలాయి. గట్టిగా ఊదితే ఎగిరిపోయేంత సన్నం.

పెద్దాయన బెంచీమీద కూర్చుండిపోయారు. "మా మనవళ్లకి పెట్టిన గదయ్యా," అన్నారు. "చేతులార పెట్టిన. కూలంగనే సంబరపడ్డం గానీ, అది అంత జల్ది ఎందుకు కూలుతదో ఒక్కనాడన్న ఆలోచించలే."

ఆదివారం ఆరాధన అయ్యాక జ్ఞానప్రకాశం సంఘం ముందు నిలబడ్డాడు. సాక్ష్యం చెప్పడం అతనికి కొత్తకాదు గానీ ఆ రోజు చెప్పాల్సింది తన తప్పు. క్రిస్మస్‌కి తిన్న కూర సంగతి, ఎక్స్‌రే సంగతి, కూతురి పరీక్ష సంగతి, దాచకుండా చెప్పాడు. ఎవరి ఫ్రీజర్లో పొట్లాలున్నా తిరిగివ్వమన్నాడు. చిన్నపిల్లలకి పెట్టినవాళ్లు పరీక్ష చేయించమన్నాడు. వెనక వరసలోంచి పద్మ లేచింది.

"అంకుల్, ఉన్నన్నాళ్లూ ఇషితకి దాదాపు రోజూ పెట్టాను. మీరు ఇచ్చారని పెట్టాను."

"తెలుసమ్మా," అన్నాడు.

పద్మ పిల్లని చంకనేసుకుని బయటికి నడిచింది. టీ వేళకి అతని పక్కన కూర్చోవడానికి ఎవరూ తొందరపడలేదు. కొందరు జాలిగా చూశారు. కొందరు అసలు చూడలేదు. కృపాబాయి ఒక్కతే కప్పు తెచ్చి చేతికిచ్చింది.

ఇషితకీ సీసం ఉన్నట్టు తేలింది. మందులక్కర్లేదు, ఆరునెలలు గమనిస్తే చాలన్నారు. ఆ కబురు పద్మ చెప్పలేదు, వేరేవాళ్లు చెప్పారు. హోప్‌కి ఏప్రిల్లో చేసిన పరీక్షలో సీసం తగ్గింది, మేలో ఇంకా తగ్గింది. జూన్‌లో ఆడపిల్ల పుట్టింది, ఫేబీ అని పేరు పెట్టుకున్నారు. బొడ్డుతాడు రక్తంలో కొద్దిగా కనిపించింది గానీ భయపడేంత లేదని, పిల్ల ఎదిగేకొద్దీ చూస్తూ ఉండాలని డాక్టరమ్మ చెప్పారు. ఆ "కొద్దిగా" అనే మాట జ్ఞానప్రకాశానికి ముల్లులా దిగింది. అందరూ పాప ముక్కు ఎవరిది, కళ్లు ఎవరివి అని మాట్లాడుకుంటుంటే, అతను మాత్రం పాప శబ్దానికి తల తిప్పుతోందా, వేలు పట్టుకుంటోందా అని చూసేవాడు.

తుపాకీ అమ్మేద్దామనుకున్నాడు. అంతలో ఆగస్టులో ఇద్దరికీ కలిపి వేసిన దరఖాస్తుకు లాటరీలో ఎల్క్ అనే భారీ జింకకి ట్యాగ్ తగిలింది. విశ్వేశ్వరరావు గారు పదేళ్లుగా ఎదురుచూస్తున్న ట్యాగ్ అది.

"రాగితోనే అయితే వస్తాను," అన్నాడు జ్ఞానప్రకాశం.

"జింకకైతే సరే. ఎల్క్ అంటే దున్నపోతంత. రాగి సన్నగ దూసుకపోతది, అది తప్పించుకపోయి యాడనో చస్తది. అదీ పాపమే గదా?" అన్నారాయన. అన్నారే గానీ పెట్టెలో రాగి తూటాలే పెట్టుకున్నారు.

సెప్టెంబరు చివర్లో కూటెనీ కొండల్లో, నాలుగో రోజు పొద్దున, నూట ఎనభై గజాల దూరంలో ఎల్క్ పోతు పక్కకి తిరిగి నిలబడింది. జ్ఞానప్రకాశం కొట్టాడు. అది కూలలేదు. కనీసం తూలలేదు. తలెత్తి ఒకసారి చూసి, ఏమీ జరగనట్టే నడుచుకుంటూ చెట్లలోకి వెళ్లిపోయింది.

"తగల్లే," అన్నారు విశ్వేశ్వరరావు గారు.

సీసంతో మనుషులకి విషం పెట్టాను, రాగితో ఈ జంతువుని చిత్రవధ చేస్తున్నాను అనుకున్నాడు జ్ఞానప్రకాశం. వెంటపడితే ఇంకా దూరం పోతుందని అరగంట కదలకుండా కూర్చున్నారు. ఆ అరగంటా అతను తుపాకీ ముట్టుకోలేదు, చేతులు ఒళ్లో పెట్టుకుని ప్రార్థన చేసుకున్నాడు. తర్వాత లేచి చూస్తే గడ్డిమీద నురగ కలిసిన రక్తం. ఊపిరితిత్తులకి తగిలిన గుర్తది. అరవై అడుగులు లెక్కపెట్టేలోపు చెట్టు మొదట్లో పడి ఉంది. చాలాసేపటి కిందటే ప్రాణం పోయినట్టుంది. ఎక్కువ దూరం పోలేదు, తన్నుకున్న జాడ కూడా లేదు.

కోస్తుంటే తూటా అవతలి చర్మం కింద దొరికింది. పక్కటెముక విరిచి, రెండు ఊపిరితిత్తుల్లోంచి దూసుకుపోయి అక్కడ ఆగింది. చుట్టూ మాంసం కమలలేదు. అయినా జ్ఞానప్రకాశం జానెడుకు జానెడు కోసి పారేశాడు. పెద్దాయన వద్దనలేదు.

ఇంటికొచ్చాక పొట్లాలమీద ఎవరి పేర్లూ రాయలేదు. హోప్‌కి మాత్రం ఫోన్ చేసి, రాగి తూటాతో కొట్టిందనీ, అమ్మ అన్నిటికీ ఎక్స్‌రే తీసి చూసి సరేనందనీ చెప్పాడు.

"నాట్ యెట్, డాడీ," అంది హోప్. కొంచెం ఆగి, "మేబీ నెవర్. ఈజ్ దట్ ఓకే?"

"నీ ఇష్టం తల్లీ. నేను అడగనులే."

ఆదివారం సంఘంలో అతను ఎల్క్ మాటే ఎత్తలేదు. అందరూ వెళ్తుండగా పద్మే దగ్గరికొచ్చింది. మార్చి తర్వాత ఆమె పలకరించడం అదే మొదలు.

"ఎల్క్ దొరికిందంటగా అంకుల్?"

"దొరికిందమ్మా."

"నాకొక పొట్లం ఇవ్వండి. ఇషితకి కాదు. నేను తింటాను, ముందు." ఆమె నవ్వలేదు. "దాని సంగతి తర్వాత చూద్దాం."

"సరేనమ్మా," అన్నాడు జ్ఞానప్రకాశం. ఆమె చంకలో ఉన్న ఇషితకి రెండు చేతులూ చాపాడు. పిల్ల ఒకసారి తల్లివైపు చూసి, అతని చేతుల్లోకి దూకింది.